లాక్‌డౌన్ డిగ్రీవాళ్లు లెక్కల పని ఇలా పట్టుకోవచ్చు

2020 మార్చిలో కాలేజీలు మూసేసినప్పుడు బీకాం, ఎంబీఏ చేస్తున్నవాళ్లకు పాఠాలు ఫోన్‌లో అందాయి గానీ ఇంటర్న్‌షిప్ మాత్రం చాలామందికి కాగితం మీదే అయిపోయింది. నా సంగతీ అంతే, ట్యాలీ (కంప్యూటర్‌లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) క్లాసు మొత్తం ఫోన్ స్క్రీన్ మీద చూసి పాసయ్యాను, చేత్తో ఒక్క ఎంట్రీ కొట్టలేదు. ఇంటర్వ్యూలో ఒక బిల్లు చేతికిచ్చి ఎంట్రీ వేయమంటే చెమటలు పట్టాయి.

ఇంకో కోర్సుకు డబ్బులు కట్టకండి. ముందు మీ ఊళ్లో లెక్కలు రాసే మనిషిని పట్టుకోండి, మిర్యాలగూడలో అయితే రైస్ మిల్లు గుమస్తా, జడ్చర్ల వైపైతే బాదేపల్లి మార్కెట్‌లో కమీషన్ దుకాణం. జీఎస్టీ రిటర్నులు నెలనెలా వేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11వ తేదీ, పన్ను లెక్క చూపి కట్టే జీఎస్టీఆర్-3బి గడువు 20, కాబట్టి ఆ తేదీల ముందు వారం వెళ్తే వాళ్లకూ సాయం కావాలి, వద్దనరు.

మొదట్లో టీ తెమ్మంటారు, తెండి, ఏం పోయింది!

బిల్లులు చూస్తూ ప్రశ్నలు అడగండి. బియ్యం సంచి మీద 26 కిలోలని ఎందుకుంటుంది? 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు లేబుల్ ప్యాకింగ్‌కు 5 శాతం జీఎస్టీ పడింది, ఆ పైన లేదు. ఇది నాకు ఏ ఆన్‌లైన్ క్లాసులోనూ చెప్పలేదు. ఉద్దెర ఖాతా కూడా చూడండి, బాకీ ఎవరిని ఎప్పుడు ఎలా అడగాలో సేటు ఫోన్ మాట్లాడుతుంటే పక్కన కూర్చుని వినాలి.

రాత్రి ఇంటికొచ్చి అవే బిల్లులు, పేర్లు మార్చి, ట్యాలీలో మీరే కొట్టుకోండి.