19వ శతాబ్దపు అమెరికా పల్లెలో బతికిన పూర్వీకుడి జీవితాన్ని తవ్వి తీయడం ఎలా?

అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లో అక్కడి అమ్మాయిలు కోడళ్లుగా, అక్కడి అబ్బాయిలు అల్లుళ్లుగా వస్తున్నారు. దాంతో మనవళ్ల వంశవృక్షంలో ఒక కొమ్మ ఏ కెంటకీ పల్లెకో, నెబ్రాస్కా పొలానికో వెళ్తోంది. ఆ రైతు ముత్తాత డైరీలు రాసి ఉండడు. కానీ పొలం కొన్నాడు, పెళ్లి చేసుకున్నాడు, ఊళ్లు మారాడు, ప్రతిసారీ ఎక్కడో ఒక కాగితం మిగిల్చాడు. పేరు ఒక్కటే పట్టుకుని వెతక్కుండా అతని భూమి వెంట, ఇరుగుపొరుగు వెంట వెళ్లండి. చాలాసార్లు మనిషి దొరుకుతాడు.

ముందు ఇంట్లో అడగండి

తెలిసిన తరం నుంచి వెనక్కి నడవాలి. పెద్దవాళ్లను అడిగి పేర్లు, ఊళ్లు రాసుకోండి. పాత బైబిల్ ఉందేమో తప్పకుండా అడగండి. పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు చాలా ఇళ్లలో అందులోనే రాసుకునేవారు. చాలా రాష్ట్రాల్లో రాష్ట్రమంతటా జనన మరణాల నమోదు మొదలైంది 19వ శతాబ్దం చివర్లోనో, ఆ తర్వాతో. అందుకే ఆ పేజీకి అంత విలువ.

జనాభా లెక్కలు: కొత్తవాటి నుంచి పాతవాటికి

పదేళ్లకోసారి తీసిన ఈ లెక్కలను ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. 1900 లెక్కతో మొదలుపెట్టండి. పుట్టిన నెల, సంవత్సరం, పెళ్లయి ఎన్నేళ్లు, తల్లికి ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అన్నీ అడిగారు. పుట్టినవాళ్లు తొమ్మిది, ఉన్నవాళ్లు ఐదు అని కనిపిస్తే, పోయిన నలుగురిని కూడా వెతకాలని గుర్తుపెట్టుకోండి. 1890 పత్రాల్లో దాదాపు అన్నీ 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత మనకు లేకుండా పోయాయి. 1880లో ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో రాశారు.

1850కి ముందు ఇంటి పెద్ద పేరే ఉంటుంది, మిగతావాళ్లు వయసుల వారీగా అంకెలు. అబ్రహం లింకన్ తల్లి నాన్సీ 1818లో చనిపోయింది కాబట్టి, భార్యగా ఆమె పేరు ఏ జనాభా లెక్కలోనూ ఉండే అవకాశమే లేదు. బానిసలుగా ఉంచినవాళ్ల గతి ఇంకా అన్యాయం. 1850, 1860 జాబితాల్లో యజమాని పేరు కింద వాళ్ల వయసు, లింగం, రంగు తప్ప పేర్లు సాధారణంగా లేవు. ఎక్కువమందికి పేరు దక్కింది 1870లోనే.

1850 నుంచి 1880 దాకా వ్యవసాయ జాబితాలు విడిగా ఉన్నాయి. చాలామంది వీటిని వదిలేస్తారు. నాకు మాత్రం ఇవే ప్రాణం. ఎన్ని ఎకరాలు సాగులో ఉంది, ఎన్ని పాడి ఆవులు, ఎన్ని పందులు, ఎంత మొక్కజొన్న, ఏడాదిలో ఎన్ని పౌన్ల వెన్న తీశారు అన్నీ వరుసగా ఉంటాయి. ఆ వెన్న అంకె చూస్తే, జనాభా లెక్కలో వృత్తి గడి తరచూ ఖాళీగా వదిలేసిన ఇల్లాలి చాకిరీ తెలుస్తుంది.

కౌంటీని సరిగ్గా పట్టుకోండి

కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కాగితం అప్పటి కౌంటీలో ఉంటుంది, ఇప్పటి కౌంటీలో కాదు. లింకన్ తండ్రి థామస్ 1816లో ఇండియానాకు వచ్చి దిగినప్పుడు అది పెర్రీ కౌంటీ. 1818లో అక్కడే స్పెన్సర్ కౌంటీ ఏర్పడింది. పెళ్లి కాగితమైతే పెళ్లికూతురి కౌంటీలో వెతకండి. థామస్, నాన్సీల పెళ్లి రికార్డు వాళ్లు కాపురమున్న కెంటకీలోని హార్డిన్ కౌంటీలో దొరక్క, అసలు పెళ్లే కాలేదని పుకార్లు పుట్టాయి. తీరా అది కెంటకీలోనే ఉన్న వాషింగ్టన్ కౌంటీ కోర్టులో బయటపడింది. పెళ్లికి అడ్డంకి లేదని ఇచ్చే పూచీకత్తు 1806 జూన్ 10న రాశారు, పెళ్లి 12న జరిగింది.

భూమి కాగితాలు

థామస్ కెంటకీ వదలడానికి పెద్ద కారణం పొలాల హక్కుల మీద తగాదాలు. అక్కడ చెట్లు, వాగులు గుర్తులుగా కొలిచేవారు కాబట్టి ఒకరి హద్దు ఇంకొకరి మీద పడేది. ఇండియానాలో కేంద్ర ప్రభుత్వం చదరాలుగా కొలిచి అమ్మింది. ఇలాంటి భూముల పట్టాలు కేంద్ర ప్రభుత్వ భూముల శాఖ అయిన బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతికితే వస్తాయి. మొదటి 13 రాష్ట్రాలు, కెంటకీ, టెన్నెసీ, టెక్సాస్ లాంటివాటికి మాత్రం ఆయా రాష్ట్రాల, కౌంటీల రికార్డులే గతి.

పూర్వీకుడు 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద పొలం తీసుకుని ఉంటే మీ అదృష్టమే. 160 ఎకరాల దాకా ప్రభుత్వ భూమి ఇచ్చేవారు. ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చేసినట్టు ఇద్దరు సాక్షులతో నిరూపించాల్సి వచ్చేది. పెళ్లికాని స్త్రీలు, వితంతువులు కూడా తీసుకున్నారు. పట్టా చూసి ఆగిపోకండి. కేంద్ర ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్ నుంచి మొత్తం ఫైలు తెప్పించండి. ఇల్లు ఎన్ని అడుగులు, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నారు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు అన్నది ఆయన నోటి మాటగానే రాసి ఉంటుంది. వలస వచ్చినవాడైతే పౌరసత్వ కాగితం కూడా అందులో ఉండొచ్చు. మధ్యలో వదిలేసి వెళ్లినవాళ్ల పట్టా వెబ్‌సైట్‌లో కనపడదు, ఫైలు మాత్రం ఉంటుంది.

సివిల్ వార్ పెన్షన్

సివిల్ వార్ అంటే ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధం. అందులో ఉత్తరాది సైన్యంలో పనిచేసినవాళ్ల పెన్షన్ ఫైళ్లు నేషనల్ ఆర్కైవ్స్‌లో, దక్షిణాదివాళ్లవి ఆయా రాష్ట్రాల ఆర్కైవ్స్‌లో ఉంటాయి. పెన్షన్ కోసం భర్త పోయిన స్త్రీ తన పెళ్లిని, పిల్లల వయసుల్ని రుజువు చేసుకోవాల్సి వచ్చేది. కొందరు బైబిల్ పేజీలే చింపి పంపారు, ఇప్పటికీ అవి ఫైళ్లలోనే ఉన్నాయి.

మిగతావి

కోర్టులో వీలునామా లేకపోయినా, చనిపోయాక రాసిన ఆస్తుల జాబితా అడగండి. నాగలి, రాట్నం, పరుపు దాకా వెలకట్టి ఉంటాయి. పాత పత్రికలు క్రానిక్లింగ్ అమెరికా వెబ్‌సైట్‌లో, సమాధుల ఫొటోలు ఫైండ్ ఎ గ్రేవ్ వెబ్‌సైట్‌లో ఉచితం.

ఒకే కౌంటీలో అదే పేరుతో ఇద్దరు కనిపిస్తే టెన్షన్ పడకండి. జనాభా లెక్కలో ముందు వెనక ఇళ్ల పేర్లు, పొలం సాక్షుల పేర్లు, పెళ్లికి పూచీ నిలిచినవాళ్ల పేర్లు పక్కపక్కన రాసి చూడండి. బావమరుదులు, వియ్యంకులు గుంపుగానే వలస వెళ్లేవారు. ఆ గుంపు ఎవరి చుట్టూ మళ్లీ మళ్లీ కనిపిస్తే చాలావరకు అతనే మీవాడు.