పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేసే ముందు

– జీసీసీ (సి కంపైలర్), మేక్ (బిల్డ్ నడిపే సాధనం), పీహెచ్‌పీ డెవ్ ప్యాకేజీ ముందే వేసుకోండి.

– అన్నిటికన్నా ముఖ్యం వెర్షన్. సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ 8.2 అయితే పీహెచ్‌పీఐజ్ (ఎక్స్‌టెన్షన్ సోర్స్‌ను కంపైల్‌కు సిద్ధం చేసే కమాండ్) కూడా 8.2దే కావాలి. 8.1తో కట్టిన మాడ్యూల్‌ను (అంటే ఎక్స్‌టెన్షన్‌ను) 8.2 లోడ్ చేసుకోదు, రెండిటి ఏపీఐ నంబరు (ఏ పీహెచ్‌పీకి కట్టిందో చెప్పే గుర్తు) కలవదు. థ్రెడ్ సేఫ్టీ (ఒకేసారి పలు థ్రెడ్లలో నడిచేలా కట్టారా లేదా అన్నది) కూడా సరిపోవాలి. మెషీన్‌లో రెండు వెర్షన్లుంటే నేనైతే పీహెచ్‌పీఐజ్‌ను పూర్తి పాత్ ఇచ్చే నడుపుతాను.

– మన శ్రీకాకుళంలో గాలివాన మొదలైతే కరెంటు నమ్మలేం. 2018లో తిత్లీ తుఫానుకి పలాస వైపు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో గుర్తుందిగా! బ్యాటరీ నిండాకే కూర్చోండి. కంపైల్ మధ్యలో ఆగిపోతే మేక్ క్లీన్ (సగంలో తయారైన ఫైళ్లను తుడిచే కమాండ్) కొట్టి మళ్లీ మొదలెట్టండి.

– మేక్ టెస్ట్ దాటకుండా ఇన్‌స్టాల్ చేయొద్దు. సుడో (అడ్మిన్ హక్కులతో నడపడం) ఆ ఇన్‌స్టాల్ మెట్టుకే.

– ఎక్స్‌టెన్షన్ పేరు చేర్చే ముందు ఐఎన్ఐ ఫైలు (పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలు) కాపీ దాచండి. కమాండ్ లైన్‌కీ ఎఫ్‌పీఎంకీ (వెబ్ సర్వర్ కోసం పీహెచ్‌పీని నడిపే సర్వీస్) వేర్వేరు ఐఎన్ఐలు ఉండొచ్చు, రెండూ చూడండి. తర్వాత ఎఫ్‌పీఎం రీస్టార్ట్.