గోమార్లు పోవాలంటే గోడ కూడా చూడాలి

మాది అమలాపురం దగ్గర పల్లె. పాత పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరి తోట. మా కుక్క రాజుకి ఎన్నిసార్లు స్నానం చేయించినా వారం తిరక్కుండానే మళ్లీ గోమార్లు పట్టేవి. చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో ఆముదం గింజల్లా ఉబ్బి వేలాడేవి.

ఒక రాత్రి టార్చి వేసి చూస్తే అసలు సంగతి తెలిసింది. వాడు పడుకునే అరుగు వెనక, గోడ పగుళ్లలో వరసగా పాకుతున్నాయి. కుక్క గోమారి ఒంటి మీదకెక్కేది రక్తం తాగడానికే. గుడ్లు పెట్టేది ఇలాంటి సందుల్లోనే, అదీ వేలల్లో. ఇంక కుక్కని ఎంత తోమితే ఏం లాభం?

పశువుల డాక్టరుగారు బరువు చూసి ఫిప్రోనిల్ చుక్కల మందు రాశారు. మెడ వెనక వెంట్రుకలు పాయ తీసి, చర్మం మీదే పడేలా నెలనెలా వేశాను. గోడ పగుళ్లు సిమెంటుతో పూడ్చాం. వాడి పాత గోనెపట్టా తగలబెట్టాం. మిగిలిన గోమార్లని పట్టుకారుతో చర్మానికి దగ్గరగా పట్టి, నిదానంగా పైకి లాగి స్పిరిట్‌లో వేశాను. వాటిని గోళ్లతో చిదమకూడదు. ఒళ్లు శుభ్రపడినా మందు ఆపలేదు, గుడ్లు ఆలస్యంగా పొదుగుతాయి కదా.

ఇంట్లో పిల్లి కూడా ఉంటే దయచేసి జాగ్రత్త. కుక్కలకి వాడే పెర్మెత్రిన్ మందు పిల్లి ప్రాణం తీస్తుంది. కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోతే వెంటనే రక్తపరీక్ష చేయించండి. గోమారి కాటుతో వచ్చే ఎర్లికియోసిస్ అనే జబ్బుకి డాక్సీసైక్లిన్ మందు తొందరగా మొదలుపెడితే కుక్కలు చాలావరకు కోలుకుంటాయి.