గంగాబల్‌లో ట్రౌట్ పట్టాలంటే

కశ్మీర్‌లో హరముఖ్ పర్వతం కింద, సుమారు 3,500 మీటర్ల ఎత్తున గంగాబల్, దాని దిగువనే నుంద్‌కోల్ సరస్సు ఉంటాయి. అక్కడ చల్లటి నీళ్లలో బతికే ట్రౌట్ చేపకు గాలం వేయాలంటే మత్స్యశాఖ పర్మిట్ కావాలి, కొండెక్కకముందే తీసుకోండి. కొండదారి మొదలయ్యే నారానాగ్ ఊళ్లో ఒక రాత్రి పడుకుని, తెల్లవారగానే బయల్దేరండి. మొదటి కొన్ని గంటలూ నిటారు ఎక్కుడే. ఎత్తు పడక తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే చేపల సంగతి వదిలేసి కిందికి దిగాలి.

నాలుగు ముక్కలుగా విడిపోయే 9 అడుగుల, 5 నంబరు (మధ్యరకం బరువు) ఫ్లై రాడ్, అంటే ఈకలూ దారాలతో చేసిన ఉత్తుత్తి పురుగును విసిరే గాలం కర్ర, చాలు.

చాలామంది సరస్సు నడిమధ్యకు విసిరి గంటలు పోగొట్టుకుంటారు. ట్రౌట్‌కు తిండి ఎక్కువగా దొరికేది ఒడ్డు దగ్గరే: వాగు వచ్చి కలిసే చోట, లోతు ఒక్కసారిగా పెరిగే అంచున. నీళ్లు అద్దంలా ఉంటాయి, మన నీడ పడితే చేప పారిపోతుంది. అందుకే ఒడ్డుకు పది అడుగులు వెనకే వంగి నిలబడి, ఒడ్డు వెంబడి విసరండి. మధ్యాహ్నం గాలి లేస్తే గాలం దారం చిక్కుపడుతుంది. ఉదయం, సాయంత్రమే మంచి అదను.

చేప నోట్లోంచి సులువుగా ఊడేలా, కొక్కెం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పటకారుతో ముందే నొక్కేయండి. వదిలేసే చేపను తడిచేత్తోనే పట్టాలి. పొడిచేత్తో పడితే ఒంటిమీది జిగురుపొర ఊడి, అక్కడ బూజు పట్టవచ్చు.