గుజ్జు పోగుల బలం – 6వ పాఠం: వంకర వేరు, గాయం వేరు

ఈసారి నేరుగా ఆమ్ల పరీక్షతో, అంటే కాగితం గుజ్జు (పల్ప్) పోగుల్లో గాయాలను ఆమ్లంతో పట్టే పరీక్షతో, మొదలుపెడదామనుకున్నాను. కానీ జీరో స్పాన్ (షీటును లాగి పోగుల సొంత బలం కొలిచే పరీక్ష) పాఠం తర్వాత మీరు పంపిన లెక్కలు చూశాక, ఆ సంగతి తేల్చకుండా ముందుకు పోతే లాభం లేదనిపించింది. చాలామంది ఒకే తీర్పు రాశారు: "అంకె తక్కువగా ఉంది, పోగు దెబ్బతింది, కుకింగ్ ఎక్కువైంది." ఇంకొందరు బీటింగ్ (తడి పల్ప్‌ను మిల్లులో నలపడం) చేశాక అంకె పెరగడం చూసి, మెషీన్ చెడిపోయిందేమోనని అడిగారు. మెషీన్ బాగానే ఉంది. ఈ రెండు చిక్కులకీ మూలం ఒక్కటే.

జీరో స్పాన్‌లో రెండు దవడలూ ఆనుకుని ఉంటాయి కనుక, ఆ గీత మీద పడిన పోగును రెండు వైపులా దవడలే పట్టుకుంటాయి. పోగుల మధ్య అతుకు వాటా బాగా తగ్గిపోతుంది. షీటును తడిపి కొలిస్తే ఇంకా తగ్గుతుంది. అందుకే నేను తడి అంకెనే నమ్ముతాను, పొడి అంకెను పక్కన రాసి పెట్టుకుంటాను. ఇక్కడిదాకా ఎవరికీ ఇబ్బంది రాలేదు.

ఇబ్బంది ఎక్కడంటే, ఆ గీత దగ్గర పోగులన్నీ తిన్నగా ఉన్నాయని అనుకోవడంలో. పంపులు, మిక్సర్లు, ప్రెస్‌లు దాటి వచ్చేసరికి పోగు వంపు తిరుగుతుంది, కొన్నిచోట్ల మడత కూడా పడుతుంది. పది తాళ్ళు కట్టి బండి లాగుతున్నారనుకోండి. మూడు తాళ్ళు వదులుగా ఉంటే బరువంతా ఏడింటి మీదే పడుతుంది, ముందు అవే తెగుతాయి. మిగతా మూడూ బలహీనమైనవి కావు, వేళకి బరువు అందుకోలేదు, అంతే. వంకర పోగులున్న షీటు అంకె తగ్గేది కూడా ఇలాగే. ఆ అంకె చూసి పోగు దెబ్బతిందని రాస్తే, తప్పు చేయని డైజెస్టర్ (చెక్క ముక్కలను ఆల్కలీలో ఉడికించే, అంటే కుకింగ్ చేసే పాత్ర) మీద నేరం మోపినట్టవుతుంది. దాన్ని నమ్మి షిఫ్టు ఇన్‌చార్జి ఆల్కలీ తగ్గిస్తాడు, ఉడకని ముక్కలు పెరుగుతాయి, అసలు తప్పు మాత్రం మిక్సర్ దగ్గర అలాగే ఉండిపోతుంది. ఈ పొరపాటు నన్ను ఇంతగా బాధపెట్టేది అందుకే.

వంకరనీ గాయాన్నీ విడదీసే పద్ధతి సులువైనదే. పొడి లెక్కన 30 గ్రాముల పల్ప్‌ను 10 శాతం చిక్కదనంలో పీఎఫ్ఐ మిల్లులో (ల్యాబ్‌లో బీటింగ్ చేసే యంత్రం) వేసి, 500 నుంచి 1000 చుట్లు మాత్రం తిప్పండి. తేలికపాటి బీటింగ్‌కి పోగు ఉబ్బుతుంది, వంపులు చాలావరకు తిన్నబడతాయి. అంతకు మించి తిప్పకండి, పోగులు తెగడం మొదలైతే పరీక్షకి అర్థం పోతుంది. మళ్ళీ 60 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 60 గ్రాముల) షీట్లు చేసి కొలవండి.

లెక్క కోసం మూడు నమూనాలు అనుకుందాం. మూడింటికీ మొదటి జీరో స్పాన్ అంకె 98. బీటింగ్ తర్వాత మొదటిది 121 అయింది: పోగులు బాగానే ఉన్నాయి, వంకరే అంకెను దించింది. రెండోది 101 దగ్గర ఆగింది: గాయం నిజమే. మూడోది 110: రెండూ ఉన్నాయి, ఈరోజు పాఠం ముఖ్యంగా దాని కోసమే.

విస్కాసిటీ (కరిగించిన పల్ప్ జిగట) తగ్గింది కాబట్టి బలం కూడా తగ్గినట్టే అని రాసినవాళ్ళకి ఒక్క మాట. విస్కాసిటీ చెప్పేది పల్ప్ మొత్తంలో సెల్యులోజ్ గొలుసుల సగటు పొడవు. గొలుసులు అంతటా సమానంగా తరిగినా, అక్కడక్కడ కొన్ని చోట్లే బాగా తెగినా సగటు ఒకేలా రావచ్చు. పోగు బలం మాత్రం ఒకేలా ఉండదు.

ఇక ఆమ్ల పరీక్ష. పోగు గోడలో దెబ్బ తగిలి పొరలు చెదిరిన చోటును డిస్‌లొకేషన్ అంటారు. లాగినప్పుడు ఆ చోటే తెగాలని లేదు. కానీ ఆమ్లం, ఎంజైమ్ ముందు అక్కడే లోపలికి దిగుతాయి. ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో, 80 డిగ్రీల దగ్గర, నాలుగు గంటలు ఉంచి కడిగి కలిపితే పోగు ఆ చోట్ల ముక్కలవుతుంది. ఫ్యూమ్ హుడ్ లేకుండా ఈ పని చేయవద్దు. నీళ్ళలోకే ఆమ్లం పోయాలి. ఇంకో భాగాన్ని ఉత్త నీళ్ళలో అదే వేడిలో, అంతే సేపు ఉంచి, అంతే కలపండి. అది లేకపోతే తెంపింది ఆమ్లమో, కలపడమో చెప్పలేం.

ఆమ్లానికి ముందు పోగు పొడవును తర్వాతి పొడవుతో భాగించి ఒకటి తీసేస్తే, పోగు సగటున ఎన్ని చోట్ల తెగిందో వస్తుంది. ఇక్కడ మామూలు సగటే వాడాలి, పొడవు తూకం కట్టిన సగటు పనికిరాదు. సుబాబుల్ పల్ప్ 0.80 మిల్లీమీటర్ల నుంచి 0.40కి వస్తే పోగు ఒక చోట తెగినట్టు. దిగుమతి చేసుకున్న సాఫ్ట్‌వుడ్ (పైన్ లాంటి చెట్ల) పల్ప్ 2.4 నుంచి 0.6కి వస్తే మూడు చోట్ల. సాఫ్ట్‌వుడ్ మూడింతలు పాడైందా? కాదు. మొదటి పొడవుతో భాగించి మిల్లీమీటరుకి లెక్కేస్తే రెండూ 1.25. సారపాక, రాజమండ్రి వైపు మిల్లుల్లో వండే సుబాబుల్, జామాయిల్, సరుగుడు పోగులు పొట్టివి కాబట్టి, పోగు లెక్కన చూస్తే ఎప్పుడూ బాగున్నట్టే కనిపిస్తాయి. మిల్లీమీటరు లెక్క వేయకుండా రెండు జాతులను పోల్చకండి.

పోలరైజింగ్ మైక్రోస్కోప్ ఉన్నవాళ్ళు పోగును ఒక పోలరైజర్ దిశకి సమాంతరంగా తిప్పితే, మసకగా మారిన పోగు మీద డిస్‌లొకేషన్లు అడ్డంగా మెరుస్తాయి. లెక్కకి కాదు గానీ, మనం వెతికేది ఏమిటో కళ్ళారా చూడటానికి బాగుంటుంది.

అభ్యాసం. బ్యాచ్ డైజెస్టర్ ఉన్న మిల్లులో పనిచేసేవాళ్ళు అనుమతి తీసుకుని, జల్లెడ బుట్టలో చిప్స్ (చెక్క ముక్కలు) పెట్టి డైజెస్టర్‌లో వేలాడదీయండి. ఆ బుట్ట పల్ప్, బ్లో (డైజెస్టర్ నుంచి ఒత్తిడితో బయటికి రావడం) అయిన తర్వాతి పల్ప్, వాషింగ్ తర్వాతిది, బ్లీచింగ్ తర్వాతిది, ఇలా నాలుగు నమూనాలు తీయండి. దేన్నీ ఆరబెట్టకండి. నాలుగింటికీ బీటింగ్‌కి ముందు, తర్వాత తడి జీరో స్పాన్, ఆపైన ఆమ్ల పరీక్ష. పెద్ద పనే, షిఫ్టుల మధ్య చేస్తే వారం పడుతుంది. కాలేజీ ల్యాబ్‌లో ఉన్నవాళ్ళు ఒకే పల్ప్‌ను సగం మామూలుగా, సగం ఎక్కువ చిక్కదనంలో మిక్సర్‌లో కలిపి అవే పరీక్షలు చేయండి. వంకర ఏ దశలో పెరిగింది, గాయం ఏ దశలో పెరిగింది, రెండూ వేర్వేరు గళ్ళలో రాసి పంపండి. ఒకే గడిలో రాసి పంపితే తిరిగి మీకే పంపుతాను.