పిల్లలతో బిస్కెట్ల వ్యాపారం చేయించాలంటే

ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్లల్ని కూర్చోబెట్టి వ్యాపారం గురించి ఎంత చెప్పినా తలకెక్కదు. ఒక ట్రే నానఖటాయి బిస్కెట్లు చేయించి అమ్మించండి చాలు. విజయవాడ పటమటలో మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఆరుగురితో పోయిన వేసవి సెలవుల్లో మేం చేసింది ఇదే.

ముందు పెట్టుబడి. ఊరికే ఇవ్వకండి, తలా 200 వేసుకోమనండి, ఇంట్లో అడిగి తెచ్చుకుంటే ఆ డబ్బు అప్పని నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాయించండి.

ఓవెన్ కొనక్కర్లేదు. పిండి, పంచదార, నెయ్యి పట్టుకెళ్లి బేకరీలో బిస్కెట్లు చేయించుకోవడం మన వైపు పాత అలవాటే కదా, ఇప్పటికీ చేసిపెట్టేవాళ్లు ఉన్నారేమో మీ పేటలో వాకబు చేయండి. కలిపి ఉండలు చేయడం పిల్లల పని, కాల్చడం బేకరీ వాళ్ల పని. అర కిలో మైదాకు పావు కిలో పంచదార పొడి, 300 గ్రాముల నెయ్యి, చిటికెడు సోడా, యాలకుల పొడి. 20 గ్రాముల ఉండలైతే 50 దాకా వస్తాయి. మన ఎండలకు నెయ్యి కరిగి పిండి జారిపోతుంది, అరగంట ఫ్రిజ్‌లో పెట్టిస్తే ట్రేలో పరుచుకుపోవు.

అసలు సంగతి ధర దగ్గరుంది, ఇక్కడ తొందరపడకండి. మావాళ్లు సరుకులన్నీ కలిపి 240 అయ్యాయి, 50 బిస్కెట్లు, ఒక్కోటి 4.80 పడింది, అయిదు రూపాయలకు అమ్మేద్దాం అని ఉత్సాహంగా తేల్చేశారు. బేకరీకి ఇచ్చిన 50, కవర్లకు 20 ఏవమ్మా అని అడిగాను. మళ్లీ లెక్క వేశారు, 310. విరిగినవి నాలుగు తీసేస్తే మిగిలింది 46, ఒక్కోటి 6.74. పెన్ను పట్టుకున్న పాప ముఖం చూడాలి అప్పుడు! మేం చెప్పకుండానే పది బిస్కెట్ల ప్యాకెట్ 80 అని రాసుకుంది, వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో నెయ్యి ధర కనుక్కుందామని కూడా తనే అంది. జవాబు మీకు నోటిదాకా వచ్చినా ఆపుకోండి, ఆ పది నిమిషాలు వాళ్లవి.

అమ్మే ముందు ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ పెద్దవాళ్లలో ఒకరి పేరు మీద చేయించండి, 18 నిండనివాళ్ల ఒప్పందం చట్టం ముందు చెల్లదు. ప్యాకెట్ మీద చేసిన తేదీ, వేసిన సరుకులు రాయించండి.

ఇక అరువు. తెలిసినవాళ్లే ‘తర్వాత ఇస్తాలే నాన్నా’ అని ప్యాకెట్ తీసుకెళ్తారు, వెళ్లి అడగడానికి పిల్లలకు మహా మొహమాటం. మీరు వెళ్లి వసూలు చేయకండి. బాకీల పేజీ ఒకటి పెట్టించి, ఇద్దరిద్దరు కలిసి వెళ్లి ‘ఆంటీ, ఆదివారం ప్యాకెట్ డబ్బులు’ అని అడిగేలా ముందు ఇంట్లోనే ఒకటికి రెండుసార్లు అనిపించండి. మావాళ్లకు మూడో గుమ్మం దగ్గరికొచ్చేసరికి గొంతు పెగిలింది.