మధుమేహం ఉన్నవారి పాదాల గాయాలు: విశాఖలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆర్కే బీచ్‌లో ఉదయపు నడక ముగించుకొని, చెప్పులు చేతపట్టుకుని అలల్లో పాదాలు తడుపుకోవడం విశాఖలో చాలామందికి అలవాటు. మధుమేహమో కాలేయ వ్యాధో ఉండి, పాదం మీద చిన్న పగులైనా ఉన్నవారు మాత్రం ఆ సరదా మానుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు గనుక, రోజూ రాత్రి అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోవడం మంచిది.

ఈ జాగ్రత్తలన్నీ అవకాశవాద బ్యాక్టీరియా బారిన పడకుండా ఉండటానికే. అవకాశవాదులనగానే మనకు వేరెవరో గుర్తుకు రావచ్చు గాని, బ్యాక్టీరియాలోనూ ఆ జాతి ఉంది. ఆరోగ్యవంతుల జోలికి అంతగా పోకుండా నీటిలో, మట్టిలో, చివరకు మన చర్మం మీదే బతుకుతూ, రోగనిరోధక శక్తి సడలినప్పుడు ఇవి విజృంభిస్తాయి. వెచ్చని ఉప్పునీటిలో ఉండే విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా గాయం గుండా లోనికి చేరితే, ఒకటి రెండు రోజుల్లోనే కండను కుళ్ళబెట్టగలదు. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన రొయ్యలు ఒలిచేటప్పుడు కొమ్ము గుచ్చుకున్నా ఇదే ప్రమాదం. వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో కడిగి, ఎరుపు ఎంతవరకు ఉందో పెన్నుతో గీత గీసి, పక్కన వేళ రాయండి. ఎరుపు ఆ గీత దాటినా, నల్లని నీటిబుగ్గలు లేచినా, పైకి కనిపించే గాయానికి మించి నొప్పి ఉన్నా, తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళి, ఉప్పునీరు తగిలిన సంగతి ముందే చెప్పాలి.

కట్టు విప్పినప్పుడు గుడ్డ ఆకుపచ్చగా మారి, తియ్యని వాసన వస్తే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాను అనుమానించాలి. ఆ ఆకుపచ్చరంగు చీము నుంచే 1882లో ఫ్రాన్సులో గెసార్డ్ అనే శాస్త్రవేత్త దీనిని వేరుచేశాడు. తడి దీనికి పుట్టిల్లు కాబట్టి, స్నానాలగదిలో నిలవ ఉన్న బకెట్టు నీటితో పుండు కడగరాదు.

వానాకాలంలో బురదలో దిగేవారు బూట్లు వేసుకోవాలి. మట్టిలోని బర్ఖోల్డేరియా సూడోమాలై అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే మెలియోయిడోసిస్ అనే జబ్బుకు మధుమేహులే ఎక్కువగా గురవుతారు. వారాల తరబడి జ్వరం, దగ్గు ఉండటంతో దీనిని క్షయగా పొరబడటం, ల్యాబులో సూడోమోనాస్‌గా భావించి వదిలేయడం కద్దు. అందుకే మట్టిలో పనిచేసినట్లు వైద్యునికి చెప్పి, రక్తం కల్చరు (రక్తంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి గుర్తించే పరీక్ష) గురించి అడగాలి. నిర్ధారణ అయితే కనీసం 10 నుంచి 14 రోజులు ఇంజెక్షన్లు, ఆపైన సుమారు 3 నెలలు మాత్రలు వాడవలసి ఉంటుంది. జ్వరం తగ్గిందని మాత్రలు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు.